బతిమాలేవాణ్ణి చంపితే హీరోనా?

ఎడిటర్ గారికి,

మాది నల్లగొండ, గడియారం సెంటర్ దగ్గర. పదేళ్లుగా ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు, అంటే లారీలు, కార్లుగా మారే రోబో బొమ్మలు, జమ చేస్తున్నా. జపాన్ కంపెనీ టకారా బొమ్మలనే 1984లో అమెరికా హాస్‌బ్రో కొత్త పేర్లు పెట్టి, కథ అల్లి అమ్మింది. నాకు అన్నిట్లోకీ ఇష్టం ఆ కథలో హీరో ఆప్టిమస్ ప్రైమ్, కాళ్లు మడిచి తల లోపలికి తోస్తే టక్కుమని ఎర్ర లారీ అయిపోతుంది, ఆ చప్పుడు కోసమే ఎన్నిసార్లు మార్చానో.

కానీ 2011లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో ఈ ఆప్టిమస్, చంపొద్దని వేడుకుంటున్న సెంటినెల్‌ను, ఒకప్పటి తన నాయకుణ్ణే, కాల్చి చంపేస్తాడు. అందరికీ స్వేచ్ఛ ఉండాలని చెప్పేదీ ఇతనే! మొన్న మా అన్న కొడుకు, ఏడేళ్లోడు, ఆ బొమ్మ చేతిలో పట్టుకునే "బతిమాలుతుంటే ఎందుకు చంపిండు చిన్నాయినా?" అనడిగితే నాకు నోట మాట రాలేదు.

మీ పిల్లల పేజీలో ఇలాంటి హీరోల గురించి రాసేటప్పుడు దయచేసి ఈ సంగతి కూడా రాయండి.

- ఒక పాఠకుడు, నల్లగొండ