మీ ఇంజన్లు మా ఫ్రీజర్‌లో ఉన్నాయి

అందరికీ నమస్కారం. రిపేరుకి ఇచ్చిన మోడల్ రైలు ఇంజన్లను చెప్పిన తేదీకి ఇవ్వలేకపోయాను. కొందరికి "రేపు" అని చెప్పి, ఆ రేపొచ్చాక మళ్ళీ రేపనే అన్నాను. అసలు సంగతి ఇది.

రెండు వారాల క్రితం ఒక ఇంజన్ బాడీ నా చేతుల్లోనే పాడైంది. డబ్ల్యూడీఎం-2 డీజిల్, హెచ్‌ఓ స్కేల్, అంటే అసలు ఇంజన్‌లో 87వ వంతు. పైన హారన్ విరిగింది, మార్చాలి. దాన్ని ఎప్పుడో ఎవరో సూపర్ గ్లూతో అతికించారు, ఎంత కదిపినా రాలేదు. నాకు ఓపిక నశించి, దూదిపుల్లకి నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది హారన్ మొదట్లో రాశాను. అందులోని అసిటోన్ గమ్ముని మెత్తబరిచే మాట నిజమే. కానీ గమ్ము కంటే ముందు బాడీలోని ఏబీఎస్ రకం ప్లాస్టిక్‌ని తినేస్తుంది. నాకు తెలియక చేసిన పని కాదు, అదే సిగ్గుగా ఉంది. హారన్ వచ్చింది, దాని చుట్టూ కప్పు మాత్రం జున్నుని గోటితో గీకినట్టు గుంట పడింది.

అదే రోజు ఆ కస్టమర్‌కి ఫోటో పంపాను. విడిగా బాడీ దొరకక, నా డబ్బుతో అలాంటిదే పాత ఇంజన్ కొనిచ్చాను. ఆయన "సర్లెండి" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత అసిటోన్ సీసాని షాపులోంచి తీసేశాను. ఇప్పుడు ముందుగా బాడీని చట్రం నుంచి విడదీసి, బోర్లించి, టార్చి వేసి లోపల చూస్తున్నాను. చాలా భాగాలకి అడుగున చిన్న కాడ ఉంటుంది. అది కన్నంలోంచి లోపలికి పొడుచుకొస్తుంది, గమ్ము తరచుగా అక్కడే గడ్డకట్టి ఉంటుంది. దాన్ని బ్లేడు కొనతో గీకి, మొండి సూదితో లోపలి నుంచి బయటికి నెమ్మదిగా నొక్కితే చాలావరకు వచ్చేస్తుంది. బయటి నుంచి పట్టకారుతో లాగితే కాడ విరిగి కన్నంలోనే ఉండిపోతుంది. ఇంట్లో ప్రయత్నించి నా దగ్గరికి తెచ్చేవాళ్ళలో ఎక్కువమంది చేసింది ఇదే.

అప్పటికీ రాకపోతే ఫ్రీజరే. సూపర్ గ్లూ బాగా చల్లబడితే పెళుసెక్కుతుంది. మోటారు, సర్క్యూట్ బయట ఉంచి, బాడీని మాత్రం జిప్ కవర్‌లో పెట్టి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున తీసిన వెంటనే పక్కకి వత్తాలి. మన ఉక్కపోతలో పలచటి ప్లాస్టిక్ రెండు నిమిషాల్లో మామూలైపోతుంది. సరిగ్గా కుదిరితే చింతగింజ చిట్లినట్టు టిక్కుమంటుంది. కుదరకపోతే మళ్ళీ ఫ్రీజర్‌కే, అంటే ఇంకో రోజు. పక్కనున్న సన్నటి హ్యాండ్‌రెయిల్స్ కూడా చలికి పెళుసెక్కుతాయి కాబట్టి తొందర పనికిరాదు. ఆలస్యమంతా ఇక్కడే. "బేగి తీసెయ్‌రా, చేపలెట్టుకోడానికి జాగా లేదు" అని మా అమ్మ రోజూ గొడవ.

ప్లాస్టిక్ సిమెంట్ అనే గమ్ముతో అతికించినవాటి సంగతి వేరు. అది రెండు ముక్కల్నీ కరిగించి ఒకటి చేసేస్తుంది. ఇక విడదీయడం ఉండదు, కోయడమే. కోసి, సానబట్టి, కొత్త కన్నం వేసి, రంగు దిద్దాలి. ఆ రంగు పాతదానితో అచ్చంగా కలవదు. అలాంటివి ఇకపై మిమ్మల్ని అడిగాకే ముట్టుకుంటాను.

అద్దాలకి తెల్లటి మసక పట్టిందని ముగ్గురు అడిగారు. అది మురికి కాదు, సూపర్ గ్లూ ఆవిరి. అందుకే అద్దాలు, హెడ్‌లైట్ లెన్సులు నేను చెక్కపనికి వాడే తెల్ల గమ్ముతోనే పెడుతున్నాను. తర్వాత తీయాల్సి వస్తే నీళ్ళతో తడిపితే చాలు.

ఇంకా పదకొండు ఇంజన్లున్నాయి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం లోపు అన్నీ ఇచ్చేస్తాను, ఒప్పుకున్న రేటుకే. కొత్తగా తెచ్చేవాళ్ళు ఏ గమ్ము పెట్టారో దాచకుండా చెప్పండి, ఊడిన ముక్కలుంటే చిన్న కవర్‌లో వేసి తీసుకురండి. గంటస్తంభం వైపు వచ్చినప్పుడు సాయంత్రం ఆరు దాటాక షాపుకి రండి. పొద్దున మాత్రం వద్దు, ఫ్రీజర్‌లోంచి తీసిన బాడీ చేతిలో ఉంటే తలెత్తి చూడలేను.