షెడ్డు పనికి హవాయి చెప్పులు చాలవు

సంపాదకుడు గారికి నమస్కారం.

అనంతపురంలో బళ్ళారి రోడ్డు వైపు మాకు ట్రాక్టర్ రిపేరు షెడ్డు ఉంది, దాని వెనకే ఇల్లు, దొడ్డి, ఎనుములు. పొద్దున పేడ ఎత్తడం, తర్వాత పానా పట్టడం, సాయంత్రం కంప కొట్టడమో కట్టెలు పేర్చడమో, రోజూ ఇదే పని కాబట్టి కాళ్ళకు ఏం వేసుకోవాలనేది నాకు చిన్న విషయం కాదు. మీ పత్రికలో ఫోన్ల గురించీ, బైకుల గురించీ ఏది కొనాలో ఏది వద్దో వివరంగా రాస్తారు, నేను చదువుతాను, పనికొస్తాయి. పనిలో వేసుకునే బూట్ల గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క కనపడదు. మా ఊళ్ళో ఏ షెడ్డుకు పోయి చూసినా ఎక్కువమంది హవాయి చెప్పుల్లోనే ఉంటారు, లేకపోతే ఇంట్లో పాతబడిన స్పోర్ట్స్ షూ. అందుకే రాస్తున్నా.

సూటిగా చెప్తాను. షెడ్డు పనికి, దొడ్డి పనికి మూడు వేలు, నాలుగు వేలు పెట్టనక్కర్లేదు. ఎనిమిది వందల నుంచి వెయ్యి పైచిలుకు లోపల గట్టి జత దొరుకుతుంది. కాకపోతే చూసి కొనాలి, అదీ పైన మెరుపు చూసి కాదు, కింద అడుగు చూసి. ఇంకో మాట, షెడ్డులో పనిచేసే పిల్లోళ్ళకు ఆ జత డబ్బులు యజమానే పెట్టాలి.

ముందు హవాయి చెప్పుల సంగతి. చవక, గాలి ఆడుతుంది, అనంతపురం ఎండలకు హాయి, ఎవరూ కాదనరు. కానీ షెడ్డు గచ్చు మీద డీజిల్, ఇంజన్ ఆయిల్ ఎప్పుడూ కారుతూనే ఉంటాయి. డీజిల్‌లో నానిన రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చెప్పు వారు దూర్చిన బొక్క వెడల్పవుతుంది, సరిగ్గా మనం ఇద్దరం పట్టుకుని గేర్‌బాక్స్ మోస్తున్నప్పుడు వారు పుటుక్కున ఊడొస్తుంది. అప్పుడు ఆ బరువు ఎక్కడ పడుతుందో వేరే చెప్పాలా? స్పోర్ట్స్ షూ అయితే ఇంకో తంటా. పైన వలలాంటి గుడ్డ ఉంటుంది కదా, దాని మీద వెల్డింగ్ రవ్వ పడితే గుడ్డ కాలడమే కాదు, కరిగి చర్మానికి అంటుకుంటుంది. అడుగు గమ్‌తో అతికించింది కాబట్టి పెట్రోలు, డీజిల్ తగిలేకొద్దీ ఆ గమ్ వదులై ముందు బొటనవేలి దగ్గర నోరు తెరుస్తుంది. వాకింగ్‌కు పోయేదానికి చేసిన బూటు అది, దాన్ని తప్పుపట్టి లాభం లేదు.

అంగట్లో సేఫ్టీ బూట్లు అని అడగండి. అడగ్గానే ముందు నల్లగా గుండ్రంగా ఉన్న జత ఏదో ఒకటి తెచ్చి పెడతారు, లోపల ఇనుప కప్పు ఉందని వేలితో కొట్టి చూపిస్తారు. అంతటితో కొనేయొద్దు. నాలిక మీదనో చీలమండ దగ్గరనో ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 15298 అనే నంబరు (పని బూట్లు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం నంబరు అది), కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ లైసెన్సు నంబరును ఫోన్లో బీఐఎస్ కేర్ అనే యాప్‌లో (ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థదే అది) కొడితే కంపెనీ పేరు, లైసెన్సు నడుస్తోందా లేదా అనేది అక్కడికక్కడే తెలుస్తుంది. అంగడాయన ముందే చేయండి, మొహమాటం అక్కర్లేదు, మన డబ్బు, మన కాలు. ఈ ప్రమాణంలో రెండో భాగం కింద వచ్చే బూటు ముక్కు 200 జూల్స్ దెబ్బ తట్టుకోవాలి. అంటే సుమారు 20 కేజీల బరువు మీటరు ఎత్తు నుంచి పడినంత. పెద్ద లారీ బ్రేక్ డ్రమ్ము నలభై కేజీల దాకా తూగుతుంది, అది మోకాలి ఎత్తు నుంచి జారినా దాదాపు అదే దెబ్బ. అదే ప్రమాణంలో నాలుగో భాగం బూట్లకు ఇనుప కప్పు ఉండి తీరాలన్న నియమం లేదు, మూడో భాగం వాటికి సగం బలమే, 100 జూల్స్. అన్నీ పైకి ఒకేలా ఉంటాయి, అందుకే ఆ చిన్న అక్షరాలు చదవాలి.

ఇక అడుగు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి. చవక బూట్లకు పీవీసీ అడుగు వస్తుంది. బరువుగా ఉంటుంది, కొత్తలో ప్లాస్టిక్ వాసన, బాగా మెరుస్తుంది. నూనె, పెట్రోలు తగిలేకొద్దీ దాన్ని మెత్తగా ఉంచే పదార్థం బయటికి పోయి గట్టిపడుతుంది, జారుతుంది, వేళ్ళ దగ్గర మడతపడే చోట అడ్డంగా చీలుతుంది. దానికంటే పీయూ (పాలీయురేథేన్ అనే నురగలాంటి ప్లాస్టిక్) అడుగు తేలిక, రోజంతా నిలబడినా మడమ నొప్పి తక్కువ, ఆయిల్‌కు బాగానే ఆగుతుంది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేది ఇదే. లోపల మెత్తటి పొర, కింద గట్టి పొర ఉన్న రెండు పొరల రకం ఇంకా మంచిది. పైతోలుకు అడుగును గమ్‌తో అతికించకుండా అచ్చులోనే పోసి పట్టించింది తీసుకోండి, అతుకు దగ్గర వేలిగోరు దూర్చి చూస్తే సందు దొరకదు.

అయితే పీయూకు ఒక జబ్బు ఉంది. గాలిలో తేమకు అది లోపల్లోపలే విరిగిపోతుంది, వాడినా వాడకపోయినా సరే. డబ్బాలో భద్రంగా పెట్టిన కొత్త జత కూడా కొన్నేళ్ళ తర్వాత తీసి వేసుకుంటే నాలుగడుగులకే అడుగు పొడిపొడిగా రాలిపోతుంది. పాత స్టాకు సగం ధరకు ఇస్తామని అంగళ్ళలో కుప్పలు పోస్తారే, అక్కడ జాగ్రత్త. బూటు మీద తయారైన సంవత్సరం, ఏ నెలలోనో ఏ త్రైమాసికంలోనో వేసి ఉండాలి, అది ప్రమాణంలోనే ఉన్న నియమం. మూడు నాలుగేళ్ళ పాతదైతే సగం ధర కూడా దండగే. అంతేకాదు, పీయూ అడుగు ఒకసారి విరిగితే చెప్పులు కుట్టే ఆయన కూడా ఏం చేయలేడు. రబ్బరు అడుగైతే ఆయన టైరు ముక్క వేసి ఇంకో ఏడాది నడిపిస్తాడు.

వెల్డింగ్, కటింగ్ చేసేవాళ్ళు మాత్రం నైట్రైల్ రబ్బరు (ఆయిల్‌కు ఆగే రబ్బరు) అడుగే తీసుకోవాలి, ధర కొంచెం ఎక్కువైనా. ఎర్రగా కాలిన ముక్క తొక్కితే పీయూ కరుగుతుంది. హెచ్ఆర్ఓ (వేడికి ఆగే అడుగు అని అర్థం) అని రాసి ఉన్న రబ్బరు అడుగు 300 డిగ్రీల వేడిని నిమిషం సేపు తట్టుకునేలా పరీక్షించినది. లేసులు లేకుండా తొడుక్కునే రకమైతే ఇంకా మేలు, రవ్వలు లేసుల సందుల్లో పడి లోపలికి దిగవు. ప్యాంటు బూటులోకి దోపొద్దు, పైనే వదలండి.

సైజు గురించి అంగట్లో ఎవరూ చెప్పని మాట ఒకటుంది. మామూలు తోలు బూటు నాలుగు రోజులు వేస్తే సాగుతుంది, ఇనుప కప్పు సాగదు. సాయంత్రం పూట, కాళ్ళు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు, పనికి వేసుకునే మందం మేజోళ్ళతోనే వేసి చూడాలి. లేచి నాలుగడుగులు నడిచి బాగుంది అనుకుంటే చాలదు, అక్కడే గొంతుక్కూర్చోండి. మెకానిక్ పని సగం గొంతుక్కూర్చునే చేస్తాం కదా, అలా కూర్చున్నప్పుడు బూటు మడతపడి ఇనుప కప్పు వెనక అంచు వేళ్ళ పైన నొక్కుతుంది. అంగట్లో కొంచెం నొక్కితే షెడ్డులో సాయంత్రానికి చర్మం లేచిపోతుంది. నొక్కితే ఆ జత వద్దు, వెడల్పు ఎక్కువున్న ఇంకో రకం చూడండి. సైజు పెంచేస్తే మడమ జారుతుంది, అది పరిష్కారం కాదు. షుగర్ ఉన్నవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, వాళ్ళలో చాలామందికి పుండు పడినా నొప్పి తెలియదు.

సంతల్లో, రోడ్డు పక్కన వాడేసిన సేఫ్టీ బూట్లు రెండు మూడు వందలకు అమ్ముతుంటారు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న ఇనుప కప్పు రెండోసారి అంత తట్టుకోదు, లోపల వంగిందో లేదో పైకి కనపడదు. కొనకపోవడమే మంచిది.

దొడ్డి పని వేరు. అక్కడ బరువు పడే భయం తక్కువ, ముల్లు భయం ఎక్కువ. మన అనంతపురం జిల్లాలో సర్కారు తుమ్మ లేని గట్టు ఉందా? ఆ ముల్లు ఎండితే మేకుతో సమానం, మెత్తటి పీయూ అడుగులోంచి కూడా దిగుతుంది. అందుకే కంప కొట్టేవాళ్ళు ఎస్1పీ గానీ ఎస్3 గానీ అని ఉన్నవి చూడాలి, వాటిలో పాదం కింద ఇనుప రేకో, ముల్లు దిగని గట్టి పొరో ఉంటుంది. అంత పెట్టలేనివాళ్ళకు మన టైరు చెప్పులు ఉండనే ఉన్నాయి. లారీ టైరు కోసి మన దగ్గరే కుట్టే ఆ చెప్పులు ముళ్ళ మీద, పల్లేరు కాయల మీద ఎంత నమ్మకంగా నడుస్తాయో సీమ రైతుకు చెప్పాల్సిన పని లేదు. ఇప్పుడు కుట్టేవాళ్ళు తగ్గిపోతున్నారు, అది నాకు నిజంగా బాధగా ఉంది. అడిగి కుట్టించుకుంటే వాళ్ళకూ పని, మనకూ గట్టి చెప్పు.

పేడ ఎత్తేటప్పుడు, గడ్డి కోసేటప్పుడు, చీకట్లో నీళ్ళు కట్టడానికి పోయేటప్పుడు మోకాలి కింది దాకా వచ్చే గమ్ బూట్లు వేసుకోవాలి. రక్తపింజర, నాగుపాము లాంటివి పనిచేసే చోట ఎక్కువగా కరిచేది పాదానికో పిక్కకో. దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది, మన రాష్ట్రం కూడా ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉంది. గమ్ బూట్ల జత నాలుగైదు వందలకు వస్తుంది. వేసుకునే ముందు తలకిందులు చేసి దులపండి, తేలు దూరి ఉండొచ్చు. గంటల తరబడి మాత్రం వేసుకోవద్దు, లోపల చెమటకు వేళ్ళ సందులు ఒరిసిపోతాయి.

కొన్న జతను నాలుగు కాలాలు నిలబెట్టుకోవడం మన చేతిలోనే ఉంది. తడిసిన బూట్లను ఎండలో పెట్టొద్దు, మన ఎండకు తోలు బిరుసెక్కి పగులుతుంది. చదివేసిన మీ పత్రికే ఉండచుట్టి లోపల కుక్కి, నీడలో, గాలి తగిలే చోట పెడితే తెల్లారేసరికి ఆరతాయి. ఆయిల్ పడితే ఏ రోజుది ఆ రోజే రంపపు పొట్టుతో తుడవండి. బ్యాటరీ నీళ్ళు పడితే వెంటనే నీళ్ళతో కడగాలి, అది ఆమ్లం, తోలును కుట్టును రెంటినీ తినేస్తుంది. పదిహేను రోజులకోసారి తోలుకు ఆముదం పల్చగా పట్టిస్తే మెత్తగా ఉంటుంది, పెద్దవాళ్ళు చెప్పులకు పట్టించినట్టే, అడుగు అతుకు దగ్గర మాత్రం పూయొద్దు.

తోటి షెడ్డు యజమానులకు ఒక మాట. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మిషన్లు కరెంటుతో నడిచే చోట పది మంది పనివాళ్ళు ఉంటేనే వర్తించింది, మన షెడ్లు ముగ్గురు నలుగురితో నడిచేవి, కాబట్టి మనల్ని ఎవరూ వచ్చి అడగలేదు. అడగలేదని వదిలేయొద్దు. ఐటీఐ చదివి పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రోడికి మొదటి నెల జీతంలో వెయ్యి రూపాయలు బూట్లకు పోతే వాడింట్లో ఏం ఇస్తాడు? అందుకే వాడు కొనడు. మనం కొనిద్దాం, జీతంలో పట్టుకోకుండా. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు చెప్పులు, బూట్ల మీద జీఎస్టీ 5 శాతమే, అంతకుముందు వెయ్యి లోపు వాటికి 12, ఆ పైన 18 ఉండేది. ఆ తగ్గిన మేరకు అంగట్లో ధర తగ్గిందా లేదా అని బిల్లు అడిగి చూసుకోండి. పది మంది యజమానులం కలిసి ఒకేసారి కొంటే ఇంకా తగ్గిస్తారు కూడా.

చివరగా బూట్ల అంగళ్ళవాళ్ళకు. తాడిపత్రి బండల పాలిష్ దగ్గర, ఊళ్ళలో కొట్టాల్లో, కంప కొట్టే చోట ఆడవాళ్ళు మగవాళ్ళతో సమానంగా బరువులు మోస్తున్నారు. వాళ్ళ కోసం 4, 5 సైజుల్లో సేఫ్టీ బూట్లు అడిగితే మా ఊళ్ళో తిరిగిన అంగళ్ళలో ఒక్కచోటా లేవు, ఆర్డర్ పెడితే తెప్పిస్తామన్న మాట కూడా రాలేదు. మా ఇంటామె నా పాత 7 సైజు బూట్లలో గుడ్డ కుక్కుకుని పేడ ఎత్తుతోంది. ఆ రెండు సైజులూ నాలుగు జతలైనా తెప్పించి పెట్టండి. మొదటి జత నేనే కొంటాను.

ఇట్లు,
ఒక ట్రాక్టర్ మెకానిక్,
అనంతపురం