ఒక్క రీడింగ్ తీయకుండా మార్చిన డైనమో, 15 ఉండాల్సిన చోట 30 ఫ్యూజ్: ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఫోనులో మీరు తెలుగులోనే మాట్లాడారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. బెంగళూరు మారతహళ్లిలోని మీ సర్వీస్ సెంటర్‌లో నా 2004 మోడల్ మారుతి జిప్సీకి చేసిన ఎలక్ట్రికల్ పని మీద ఈ ఫిర్యాదు. జాబ్ కార్డు, బిల్లు, ఫొటోలు జతచేశాను.

బండి అప్పగించేటప్పుడు నేను చెప్పినవన్నీ మీ జాబ్ కార్డులో ఉన్నాయి. హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. పార్కింగ్ లైట్లు ఉండగా బ్రేకు తొక్కితే వెనక ఎడమ ఇండికేటర్ మసక మసకగా వెలుగుతుంది. గతుకుల రోడ్డు మీద వెనక లైట్ల ఫ్యూజ్ అప్పుడప్పుడు పోతుంది. సెల్ఫ్ మాత్రం ఒక్క దెబ్బకే అందుకుంటుంది.

ఇవి వింటే వైరింగ్ పని చేసేవారెవరైనా ముందు ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరే దారి, చూస్తారు. బల్బుకు ఎర్త్ సరిగా అందకపోతే కరెంటు పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటుంది. బ్రేకుకు ఇండికేటర్ వెలిగేది అందుకే. సెల్ఫ్ అంత బాగా తిరుగుతోందంటే బ్యాటరీలో బలం ఉన్నట్టే. అయినా మీవాళ్లు బ్యాటరీ మార్చారు, దాన్ని చార్జ్ చేసే డైనమో మార్చారు, 17,600 రూపాయలు బిల్లు వేశారు. జాబ్ కార్డులో ఒక్క వోల్టేజ్ రీడింగ్ కూడా రాసి లేదు. బండి తీసుకున్న రాత్రి హెడ్‌లైట్లు వేస్తే ముల్లు మళ్లీ లేచింది. ఫోన్ చేస్తే, "పాత బండి కదా సార్, అలాగే ఉంటుంది" అన్నారు.

డబ్బు సంగతి తర్వాత. నన్ను నిజంగా భయపెట్టింది ఆ తర్వాత జరిగింది. మా ఆవిడ, పిల్లలతో పలమనేరు బయల్దేరాను. ముళబాగిలు దాటాక ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. పక్కకు ఆపి, అందరినీ దింపి, ముందు బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీశాను. ఫ్యూజ్ బాక్స్ తెరిచి చూస్తే వెనక లైట్ల గడిలో ఆకుపచ్చ ఫ్యూజ్ ఉంది. మూత మీద 15 అని అచ్చు వేసి ఉంది. అక్కడ ఉండాల్సింది నీలం రంగుది. ఆకుపచ్చది 30 ఆంపియర్లది. మాటిమాటికీ పోతోందని చెప్పిన ఫ్యూజ్ ఎందుకు పోతోందో వెతకకుండా పోనిదాన్ని పెట్టి పంపారు.

ఫ్యూజ్ ఉన్నది వైరును కాపాడటానికి. 15 ఆంపియర్లకు సరిపడే సన్నటి వైరులో 25 పారినా 30 ఫ్యూజ్ చలించదు, వైరే వేడెక్కి పైతోలు కరుగుతుంది. కాన్వాస్ టాపు, కింద కార్పెట్, వెనక పెట్రోలు ట్యాంకు ఉన్న బండిలో ఇలా చేయడం చిన్న పొరపాటు అనుకోను. కరిగిపోయిన వైరు ముక్కను కవర్లో పెట్టి దాచాను, కావాలంటే తెచ్చి చూపిస్తాను.

అసలు తప్పులు దొరికింది జేసీ రోడ్డులో, కడప నుంచి వచ్చి ఎన్నో ఏళ్లుగా అక్కడే పని చేస్తున్న ఒక ఎలక్ట్రీషియన్ దగ్గర. ఆయన లైట్లన్నీ వేయించి, మల్టీమీటర్ ఒక కొనను బ్యాటరీ నెగటివ్‌కు, రెండోదాన్ని వెనక లైటు ఎర్త్‌కు పెట్టారు. 0.2 వోల్టు దాటకూడని చోట 2.8 చూపించింది. జిప్సీ బాడీ ఛాసిస్ (కింది ఇనుప చట్రం) మీద రబ్బరు బుష్‌ల పైన కూర్చుంటుంది. ఇంజన్‌ది కూడా రబ్బరు మౌంటింగే. అందువల్ల బాడీకి ఎర్త్ రావాలంటే మధ్యలో ఉన్న అల్లిక రాగి పట్టీయే ఆధారం. దాని బోల్టు విప్పితే వాషర్ కింద పచ్చటి చిలుము, తుప్పు కలిసి పొరలా గట్టిపడి ఉన్నాయి. ఎమరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది కొత్త పట్టీ వేశారు. ముల్లు నిలబడింది, ఇండికేటర్ మసక పోయింది. ఇక ఫ్యూజ్ పోవడానికి కారణం, వెనక రేకు కన్నంలో రబ్బరు ఊడిపోయి అంచుకు వైరు ఒరుసుకుని షార్ట్ కావడం. ఆ వైరు మార్చి, రబ్బరు వేసి, 15 ఫ్యూజ్ పెట్టారు. అంతా కలిపి 2,300 అయింది. మీరు సంచిలో పెట్టి ఇచ్చిన పాత డైనమోను అక్కడే బెంచి మీద తిప్పి చూస్తే లోడ్ మీద 14.1 వోల్టులు ఇచ్చింది. అందులో ఏ లోపమూ లేదు.

ఇవన్నీ చెప్పి డబ్బు అడిగితే, ఆఫ్‌రోడ్ తిప్పిన బండికి గ్యారంటీ ఉండదన్నారు. జిప్సీని తయారు చేసిందే అలాంటి దారుల కోసం. పైగా నేను అడుగుతున్నది బండి గ్యారంటీ కాదు, మీరు చేసిన పనికి బాధ్యత.

బ్యాటరీ ఎలాగూ పాతబడింది, దాని గురించి పట్టుబట్టను. డైనమో ధర, దాని కూలీ కలిపి 11,200, జేసీ రోడ్డులో అయిన 2,300 నాకు తిరిగి ఇవ్వండి. మీ డైనమోను విప్పి అప్పగిస్తాను. 30 ఫ్యూజ్ ఎవరు, ఎవరి అనుమతితో పెట్టారో రాతపూర్వకంగా తెలపండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ సెంటర్‌లో ఎలక్ట్రికల్ పని చేయించుకున్న మిగతా కస్టమర్లకు ఫోన్ చేసి వాళ్ల ఫ్యూజ్‌లు ఉచితంగా చూడండి. నా డబ్బు నాలుగు రోజులు ఆలస్యమైనా పర్వాలేదు, ఈ పని మాత్రం వెంటనే మొదలుపెట్టండి.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
జిప్సీ యజమాని,
మారతహళ్లి, బెంగళూరు

జతచేసినవి: జాబ్ కార్డు, రెండు బిల్లులు, ఫ్యూజ్ బాక్స్, కాలిన వైరు, ఎర్త్ బోల్టు ఫొటోలు