పిరేయస్‌లో చూసేదేమీ లేదా?

సంపాదకుల వారికి,

పోయిన నెల ఆదివారం అనుబంధంలో గ్రీసు యాత్ర మీద వేసిన వ్యాసం చదివి ఊరుకుందామనుకున్నాను, మనసొప్పలేదు. "పిరేయస్ వట్టి రేవు, ఓడ దిగగానే బస్సెక్కి ఏథెన్స్ వెళ్లిపోండి" అని పాఠకులకు సలహా ఇచ్చారు. ఓడల మీద ఉద్యోగం చేస్తూ ఆ రేవులో చాలాసార్లు దిగినవాణ్ణి. ఆ సలహా తప్పని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆ రేవు లేకపోతే ఏథెన్స్‌కు అంత బలం ఎక్కడిది? క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ పట్టుబట్టి అక్కడ నౌకాస్థావరం కట్టించాడు. హిప్పోడామస్ అనే పట్టణ నిర్మాణ నిపుణుడు వీధులన్నీ గళ్లు గీసినట్టు వేసి పట్టణానికి రూపం ఇచ్చాడు. పిరేయస్‌లోనే ఉన్న జేయా అనే చిన్న రేవు ఒడ్డున యుద్ధనౌకల కోసం దాదాపు 200 షెడ్లు ఉండేవి. వాటి శిథిలాలు కొన్ని ఇప్పటి అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఉన్నాయి. 1959లో డ్రైనేజీ కోసం వీధి తవ్వుతుంటే అపోలో, ఎథీనా, ఆర్టెమిస్ కంచు విగ్రహాలు బయటపడ్డాయి. వాటిలో అపోలో విగ్రహం సుమారు 2,500 ఏళ్ల నాటిది. మనిషి ఎత్తున పోతపోసిన గ్రీకు కంచు విగ్రహాల్లో మనకు మిగిలినవే కొద్ది, అందులో అతి పాతవాటిలో ఇదొకటి. ఊళ్లోని పురావస్తు మ్యూజియంలో దాని ముందు ఎంతసేపైనా నిలబడి చూడొచ్చు, వెనకనుంచి తోసేవాళ్లు ఉండరు. మీ వ్యాసంలో ఈ మ్యూజియం పేరు కూడా లేదు!

ఇంకో సంగతి. నిరుడు వేసవిలో మా వియ్యంకుడు గారూ వియ్యపురాలు గారూ ఒక టూర్ సంస్థతో వెళ్లారు. పిరేయస్‌లో దింపి, నేరుగా ఏథెన్స్‌లో గుట్ట మీద పాత గుళ్లుండే అక్రోపొలిస్‌కు తీసుకెళితే ఎండల కారణంగా మధ్యాహ్నం గేటు మూసేశారు. 2023 నుంచి వడగాడ్పులప్పుడు అక్కడ ఇలా మూస్తూనే ఉన్నారు. పైగా రోజుకు 20,000 మంది పరిమితి, టైము ప్రకారం టికెట్లు. ఇవన్నీ తెలిసే పెద్దవాళ్లను ఎండలో నిలబెట్టి, సాయంత్రం ఓడ ఎక్కించేశారు. ఆ మధ్యాహ్నం పిరేయస్‌లోనే పాసలిమాని (జేయా రేవుకు ఇంకో పేరు) ఒడ్డునో, మిక్రోలిమానో అనే చిన్న రేవులో చేపల హోటళ్ల నీడనో హాయిగా గడిచిపోయేది. కాస్తెల్లా గుట్ట ఎక్కితే సముద్రమంతా కనిపిస్తుంది. అడిగేవాళ్లు లేరు కాబట్టే ఈ సంస్థలు ఇలా చేస్తున్నాయి. పత్రికలు అడక్కపోగా వాళ్ల బ్రోచర్లనే వ్యాసాలుగా వేస్తున్నాయి. ఒకప్పుడు మీ పత్రికలో యాత్ర గురించి రాసేవారు ఆ ఊరి వీధులు నడిచి వచ్చి రాసేవారు.

చైనా కంపెనీ కాస్కో 2016లో పిరేయస్ రేవులో మెజారిటీ వాటా కొన్నప్పటి నుంచీ వ్యాపారం పేజీల్లో ఆ పేరు వస్తూనే ఉంది. యాత్రల పేజీకి వచ్చేసరికి మాత్రం అక్కడ ఊరే లేనట్టు రాస్తారు. మన విశాఖలో 2023లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. విదేశీయులు అక్కడ దిగి "ఇక్కడేమీ లేదు, అరకు వెళ్లిపోదాం" అంటే మనం ఊరుకుంటామా?

ఏథెన్స్ నుంచి ఒక్క రోజుకు వెళ్లేవాళ్లకు పనికొచ్చే సమాచారం ఎంతో ఉంది. ఆకుపచ్చ లైను మెట్రో ఉంది. 2022 అక్టోబరు నుంచి నీలం లైను కూడా పిరేయస్ దాకా వస్తోంది, విమానాశ్రయం నుంచి రైలు మారక్కర్లేదు. రేవులో ఓడలెక్కే గేట్లకు నంబర్లుంటాయి. మెట్రో స్టేషన్‌కు ఎదురుగా ఉండేది ఇ6 గేటు. రోడ్స్ దీవి వైపు పడవలు ఇ1 గేటు నుంచి, క్రూయిజ్ ఓడలు ఇ11, ఇ12 వైపు నుంచి బయల్దేరతాయి. ఆ గేట్లు చాలా దూరం. సామాన్లతో, పిల్లలతో తప్పు గేటుకు వెళ్లి పడవ తప్పిపోయినవాళ్లను ఆ రేవులో చూశాను. ఇంత పెద్ద వ్యాసంలో గేట్ల గురించి ఒక్క వాక్యం లేదు. వచ్చే ఆదివారం సవరణ వేయండి, అందులో గేట్ల నంబర్లూ మ్యూజియం సంగతీ తప్పకుండా ఉండాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత నౌకా ఇంజినీరు,
విశాఖపట్నం