ఫోన్లో చెప్పలేని సంగతి

మందస,
ఆదివారం

తల్లీ,

మొన్ననే ఇల్లు చేరాను. కౌలాలంపూర్‌లో మీ అన్న కాపురం ఎలా ఉందో, వదిన ఏం వండిపెట్టిందో ఫోన్లో చెప్పుకుందాం. ఈ ఉత్తరం వేరే సంగతికి. ఇది ఫోన్లో చెప్పాలంటే నాకు నోరు పెగల్దు.

మీ అన్న నన్ను విమానమెక్కించి బోర్నియో దీవిలో శాండకన్ అనే ఊరికి తీసుకెళ్లాడు. దాని దగ్గర్లోనే సెపిలోక్ అడవి. ఒరాంగుటాన్ అని తోక లేని పెద్ద కోతిలాంటి జంతువు ఉంటుంది, తల్లుల్ని పోగొట్టుకున్న వాటి పిల్లల్ని 1964 నుంచి అక్కడ సాకుతున్నారు. ఆ పేరుకి వాళ్ల భాషలో అడవి మనిషి అని అర్థమట. ఒక గుంట తాడు పట్టుకుని వేలాడుతూ నాకేసే చూసింది. అచ్చం నెలల పిల్లల చూపే.

ముట్టుకోనివ్వరు. మన జలుబు వాటికి అంటుకుంటుందట. పొద్దున్న పది గంటలకి చెక్కమంచె మీద పళ్లు పోశారు. కావాలనే రోజూ ఇంచుమించు అదే తిండి పెడతారట, మొహం మొత్తి అడవిలోకి పోయి సొంతంగా వెతుక్కోవాలని. ఆ పద్ధతి నాకెంత నచ్చిందో! ఆ గుంటలు తల్లిని అంటిపెట్టుకుని ఆరేడేళ్లు ఉంటాయట. ఏ పండు ఎక్కడ దొరుకుతుందో, రాత్రి పడకకి కొమ్మలెలా వంచుకోవాలో తల్లే నేర్పాలి. అందుకే కాన్పుకీ కాన్పుకీ మధ్య ఏడెనిమిదేళ్లు. పామాయిల్ తోటల కోసం అడవులు నరికినప్పుడు బయటికొచ్చిన తల్లుల్ని చంపి పిల్లల్ని పట్టుకుపోతారు. తల్లి బతికుండగా పిల్లని వదలదు కదా. మన మూకుడులో కాగేదీ ఆ నూనేనని తెలిసి నాకు ఆ పూట అన్నం సయించలేదు.

అక్కడ నిలబడ్డంతసేపూ నాకు మన కోతిగుంటే గుర్తొచ్చింది. కరెంటు తీగ తగిలి తల్లి పడిపోతే, పిక్కలు ఏరడానికి వెళ్లిన మీ నాన్న జీడితోటలోంచి తెచ్చారు. నీకప్పుడు ఏడేళ్లు. ఉగ్గుగిన్నెతో పాలు పట్టావు. రెండేళ్లు పనసచెట్టుకి కట్టేసి ఉంచాం. పక్కింటి పిల్లాణ్ణి కరిచాక నాన్న గోనెసంచిలో పెట్టి మహేంద్రగిరి కింద వదిలొచ్చారు.

చెట్లెక్కి సంతోషంగా పారిపోయిందని నీకు చెప్పాను. అది అబద్ధం తల్లీ. సైకిలు వెనకాల చాలా దూరం పరిగెత్తిందట. నాన్న ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. సాటి కోతుల్లో ఎలా మసలాలో దానికి ఎవరూ నేర్పలేదు. మాకు ముద్దు చేయడం తెలిసింది గానీ, అడవిలో బతికేలా పెంచాలన్న ఆలోచనే రాలేదు. ఇరవై ఏళ్లు దాటాక ఇప్పుడు చెప్తున్నానని కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా సరే, నీకు నిజం తెలియాలి.

సెపిలోక్ పక్కనే ఎలుగులకీ ఒక శరణాలయం ఉంది. మన ఉద్దానం ఎలుగుల కన్నా చిన్నవి, గుండెల మీద పసుపు మచ్చ. వాటి ఫొటోలు మీ అన్న పంపుతాడు, పాపకి చూపించు.

ఒక్కటి అడుగుతాను. ఆ గుంటకి నువ్వొక పేరు పెట్టి పిలిచేదానివి. ఎంత గుర్తు చేసుకున్నా నాకు రావడం లేదు. రాసి పంపు.

మీ అమ్మ