గోడ మూసేలోపు ఒక్క మాట

ఒరేయ్ రఘూ,

హోమ్ థియేటర్ గది కట్టిస్తున్నావంటే భలే సంతోషమేసింది. కానీ చివర్లో "వచ్చే వారం ప్లాస్టరింగ్, ఏదో ఒక హెచ్‌డీఎంఐ కేబుల్ గోడలో పడేయిస్తా" అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. బొమ్మనీ శబ్దాన్నీ కలిపి మోసే తీగ అది, ఏదో ఒకటంటే కుదరదు. ప్లాస్టరింగ్ వాళ్లు వచ్చేలోపు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

ముందు టేపు తీసి పొడవు కొలువు. రిసీవర్ (ప్లేయర్ బొమ్మని అందుకుని ముందుకు పంపే డబ్బా) దగ్గర్నుంచి ప్రొజెక్టర్‌కి చూపుకి 7 మీటర్లే అనిపిస్తుంది, కానీ కేబుల్ గాల్లో పోదు కదా, గోడెక్కి, సీలింగ్ మీదుగా తిరిగి, కిందికి దిగేసరికి 12 అయినా ఆశ్చర్యం లేదు. అసలు చిక్కంతా ఆ తేడాలోనే ఉంది. 1080పీ, అంటే ఫుల్ హెచ్‌డీ బొమ్మకి సెకనుకు 4.5 గిగాబిట్ల సమాచారం మోస్తే చాలు కాబట్టి మంచి రాగి కేబుల్‌తో 10, 15 మీటర్లు కూడా నడిచిపోతుంది. అదే దానికి నాలుగు రెట్లు చుక్కలుండే 4కే బొమ్మ, సెకనుకు 60 ఫ్రేములు, పూర్తి రంగులతో కావాలంటే 18 గిగాబిట్లు. వేగం పెరిగేకొద్దీ రాగిలో సిగ్నల్ తొందరగా నీరసపడుతుంది, అందుకని అక్కడ 5 మీటర్లు, మహా అయితే 7. ఇక గేమింగ్ కోసం హెచ్‌డీఎంఐ 2.1లోని 48 గిగాబిట్లు కావాలంటే 3 మీటర్లు దాటినప్పట్నుంచే జాగ్రత్తపడాలి.

సిగ్నల్ చాలకపోతే బొమ్మ మసకబారదు. చీకటి సీన్లలో తెల్లటి చుక్కలు మెరుస్తాయి, లేదంటే రెండు సెకన్లు తెర నల్లబడి మళ్లీ వస్తుంది. ఇంకో తమాషా ఏంటంటే, సినిమాలు ఎక్కువగా 24 ఫ్రేములే కాబట్టి వాటికి సగం వేగం చాలు, హాయిగా ఆడతాయి. ప్లేయర్ మెనూలోకి రాగానే 60 ఫ్రేములకి మారి బొమ్మ మాయం! జనం ప్లేయర్ని అనుమానిస్తారు, తప్పు కేబుల్‌ది. బంగారు పూత ఉందనీ, రేటెక్కువనీ రంగులేమీ మెరుగవ్వవు, ఆ మాటలు నమ్మకు.

నీ పొడవుకి నేను చెప్పేది ఆప్టికల్ హెచ్‌డీఎంఐ. లోపల సన్నటి ఫైబర్ పోగులుంటాయి, రెండు కొసల్లోని చిప్‌లు కరెంటు సిగ్నల్‌ని కాంతిగా, కాంతిని మళ్లీ కరెంటు సిగ్నల్‌గా మారుస్తాయి. 20, 30 మీటర్లు దానికి లెక్కే కాదు. కాకపోతే దానికి దిశ ఉంటుంది: ఒక కొస మీద సోర్స్, రెండో దాని మీద డిస్‌ప్లే అని రాసుంటుంది, తిప్పి పెడితే బొమ్మే రాదు. గట్టిగా మడిచినా పోగు విరుగుతుంది. చిప్ పోయిందంటే రిపేరు ఉండదు, మొత్తం మార్చడమే.

క్యాట్6 వైరు, అంటే ఇంటర్నెట్‌కి వాడే నెట్‌వర్క్ వైరు మీద ఇదే బొమ్మని పంపే హెచ్‌డీబేస్‌టీ అనే పద్ధతి కూడా ఉంది, 100 మీటర్ల దాకా వెళ్తుంది. కానీ రెండు కొసల్లో డబ్బాలు, వాటికి కరెంటు, వేడి. పాత రకాలు 10.2 గిగాబిట్లే మోస్తాయి, 18 యథాతథంగా రావాలంటే 3.0 రకమే కొనాలి. ఇంటి ఆ చివరకి, ఈ చివరకి పంపాలంటే సరే, ఒక్క గదికి అంత హంగామా ఎందుకు?

ఇంతకీ నేను గట్టిగా చెప్పదలుచుకున్నది కేబుల్ గురించి కాదు, పైపు గురించి. ఏ కేబుల్ అయినా ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పదు, దాన్ని సిమెంటులో పూడ్చేస్తే మాత్రం గోడ పగలగొట్టాల్సిందే. హెచ్‌డీఎంఐ తలే దాదాపు 2 సెంటీమీటర్ల వెడల్పు, పొడుగ్గా కూడా ఉంటుంది కాబట్టి సన్న పైపులో మలుపు దగ్గర ఇరుక్కుంటుంది. 40 మిల్లీమీటర్ల పైపు వేయించు, మూలల్లో ఎల్బోలు వద్దు, వెడల్పాటి బెండ్‌లే పెట్టమను. లోపల గట్టి నైలాన్ తాడు వదిలేయించు, తోడుగా అసలు రాగితో చేసిన క్యాట్6 ఒకటి లాగించు. రాగిపూత పూసిన అల్యూమినియం వైరు అంటగడతారు, చూసుకో. కరెంటు వైర్లు మాత్రం ఈ పైపులోకి రానివ్వకు.

కేబుల్ రాగానే నేల మీద పరిచి, నీ ప్లేయర్, నీ ప్రొజెక్టర్ పెట్టి 4కే 60లో ఓ గంటసేపు ఆడించి చూడు, ఆ తర్వాతే పైపులోకి పంపించు.

ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడాక పైపు ఏ దారిన పోతుందో గీసి, పక్కన మీటర్లు వేసి పంపు. ఎంత పొడవు తీసుకోవాలో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ
వాసు