సంతాప సభతో సరిపెట్టొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు 2025 మార్చి 9న మన తిరుపతిలోనే కన్నుమూశారు. టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టులో ఏళ్ల తరబడి పనిచేసి, ఆరు వందలకు పైగా సంకీర్తనలకు స్వరాలు కట్టిన మనిషి. 'వినరో భాగ్యము విష్ణుకథ' మన ఊళ్లో వినపడని వీధి ఉండదు. ఆ బాణీ ఆయనదని ఎంతమందికి తెలుసు? పిల్లల పాటల పోటీల్లో రాగం చెబుతారు, తాళం చెబుతారు, అన్నమయ్య కీర్తన అంటారు. బాణీ కట్టినవారి పేరు మాత్రం చెప్పరు. చెప్పాలని ఎవరికీ తోచదు, అంతే.

అన్నమయ్య 1503లో పోయారు. పాటలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడి భాండాగారంలో దాచబట్టే, నాలుగు వందల ఏళ్ల తర్వాత 1922లో అవి మళ్లీ వెలుగు చూశాయి. ఆ రేకును దగ్గరగా చూస్తే పాట మొదట రాగం పేరు, దాని కింద సాహిత్యం వరసగా కనిపిస్తాయి. స్వరం ఉండదు. ఆయన నోట ఆ పాట ఎలా పలికిందో మనకు దక్కలేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, బాలకృష్ణప్రసాద్ గారు లాంటి పెద్దలు కూర్చుని కొత్తగా బాణీలు కట్టాల్సి వచ్చింది. ఒకసారి పోగొట్టుకున్నది చాలదా?

రికార్డింగులు ఉన్నాయి కదా అనొచ్చు. రికార్డింగులో వినిపించేది చివరికి కుదిరిన రూపమే. ఒక చరణాన్ని ఎన్ని రకాలుగా పాడి చూశారో, ఎందుకు మార్చారో తెలియాలంటే సంగీతజ్ఞుల నోటు పుస్తకాలు, క్లాసులో శిష్యులు సెల్‌ఫోన్లో పట్టుకున్న ముక్కలు కావాలి. అవన్నీ తలా ఒకచోట ఉంటాయి.

పండితుల సంగతీ అంతే. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా, టీటీడీ ప్రచురణలకు సంపాదకులుగా పనిచేసిన రవ్వా శ్రీహరి గారు 2023 ఏప్రిల్‌లో వెళ్లిపోయారు. 'అన్నమయ్య పదకోశం' ఆయన చేసిందే. సూర్యరాయాంధ్ర నిఘంటువుకు ఎక్కని మాటలు ఏరి మరో నిఘంటువే తెచ్చారు. ఒక్క మనిషి చేసిన పనేనా ఇదంతా అనిపిస్తుంది. మరుసటి నెలలోనే కేతు విశ్వనాథరెడ్డి గారు పోయారు. కథకుడిగా ఆయన అందరికీ తెలుసు. కడప జిల్లా ఊరిపేర్ల మీద ఆయన పరిశోధన చేసింది మన ఎస్వీ యూనివర్సిటీలో.

ఇలాంటివారు పోతే మనం ఏం చేస్తున్నాం? ఫ్లెక్సీ, పూలదండ, రెండు గంటల సభ. వేదిక మీదున్న పెద్దలంతా 'తీరని లోటు' అని దిగిపోతారు. నేను మాట్లాడిన సభల్లోనూ ఆ ఇంట్లో ఉన్న కాగితాల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇల్లు మారేటప్పుడు ఇంట్లోవాళ్లకు ఏది విలువైనదో తెలియక, అడగడానికి మనిషి లేక, బీరువాడు పుస్తకాలు కిలోల లెక్కన పాత పేపర్ల కొట్టుకు పోయాయని విన్నప్పుడు కడుపు తరుక్కుపోతుంది. వాళ్లను తప్పుపట్టలేం.

తిరుపతిలో దీనికి వసతి లేకపోలేదు. తాళపత్రాలను భద్రపరిచే ప్రాచ్య పరిశోధనా సంస్థ 1939 నుంచి ఉంది. అన్నమాచార్య కళామందిరం ఉంది, సంగీత కళాశాల ఉంది. వీటిలో ఏదో ఒకచోట ఒక గది ఇచ్చి, ఈ ప్రాంతంతో ముడిపడ్డ కళాకారుల, పండితుల నోటు పుస్తకాలు, ఉత్తరాలు, క్యాసెట్లు సేకరించాలి. పెద్దాయన పోయిన నెలా రెండు నెలల్లో ఒక బాధ్యత గల మనిషి ఇంటికి వెళ్లి కుటుంబంతో మాట్లాడాలి. అసలు కాగితాలు ఇవ్వడం ఇష్టం లేకపోతే స్కాన్ చేసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. క్యాసెట్లకైతే ఆగే టైమ్ లేదు, టేపు బూజు పట్టిపోతోంది. ముందు వాటినే చూడాలి.

బాణీ కట్టినవారి పేరు చెప్పడానికి మాత్రం గదీ అక్కర్లేదు, బడ్జెటూ అక్కర్లేదు. కచేరీ పెట్టేవాళ్లు, పోటీలు నడిపేవాళ్లు, పాటలు ప్రసారం చేసే చానెళ్లు రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. టీటీడీ, యూనివర్సిటీ అధికారులు మిగతా విషయం ఆలోచించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
తిరుపతి